టక్కుమంటే రొట్టెముక్క

తాళాలాయన కుక్క ఆ వీధిలో ఉండాలా పోవాలా అన్న సంగతి చివరికి ఒక చేతిసంచి మీదికి వచ్చింది. సంచి లెక్కల టీచరమ్మది. నల్లతోలుది, పైన రెండు ఇత్తడి గుండ్లు ఒకదాని మీదుగా ఒకటి జారి మూసుకునే పాతకాలపు రకం. తెరిచినా టక్కుమంటుంది, మూసినా టక్కుమంటుంది. అలాంటివి ఇప్పుడెవరూ కొనరు. టీచరమ్మ మాత్రం ఉద్యోగంలో చేరిన కొత్తలో కొన్నదాన్నే, బడి మానేసి ఇంట్లో కూర్చున్నాక కూడా మోచేతికి తగిలించుకుని తిరుగుతుంది. ఆ సంచి కథ తెలియాలంటే ముందు తాళాలాయన కొట్టు మెట్టెక్కాలి.

కొట్టు ఎంత ఇరుకంటే, ఆయన చేతులు బారజాపితే రెండు గోడలూ అందుతాయి. ఇంకా పళ్ళు కోయని తాళంచెవులు గోడల నిండా మేకులకు వేలాడుతుంటాయి. వీధిలోంచి బరువైన లారీ ఏదైనా పోతే అన్నీ కలిసి గలగలమంటాయి, అందరికీ ఒకేసారి నవ్వొచ్చినట్టు. వస్తువుని కదలకుండా పట్టుకునేలా బల్లకు బిగించిన వైసు, ఆకురాళ్ళు, నూనెడబ్బా, ఒక స్టూలు. స్టూలు వచ్చినవాళ్ళ కోసం. ఆయన నిలబడే పనిచేస్తాడు.

పని మేనమామ దగ్గర నేర్చుకున్నాడు. ఆ మేనమామ నోరు విప్పి నేర్పింది ఒక్కటే మాట: "చెవి పెట్టరా." తాళం లోపల చిన్న చిన్న పిన్నులుంటాయి, ఒక్కొక్కటే పైకి లేచి కుదురుకుంటుంది, కుదురుకున్నప్పుడు వినీ వినపడని చప్పుడు చేస్తుంది. అన్నీ కుదిరాక తాళం టక్కున ఊడుతుంది. ఇందులో కంటికి పని లేదు. అందుకే పని చేసేటప్పుడు తాళాలాయన ఎటో చూస్తుంటాడు, వీధిలో పోయే బస్సునో, ఎదుటి మేడ మీద ఆరేసిన బట్టలనో. కొత్తగా వచ్చినవాళ్ళు ఈయనకి పని మీద ధ్యాస లేదనుకుంటారు.

ఇళ్ళకి కూడా వెళ్ళేవాడు. తన ఇంటి ముందు తానే దిక్కులు చూస్తూ నిలబడ్డ మనిషిని చూడాలంటే ఈ వృత్తిలోనే ఉండాలి. తలకి సబ్బు నురగతో బయటికొస్తే వెనక తలుపు మూసుకుపోయిన పెద్దమనుషులు, భార్య లోపల గడియ పెట్టుకుంటే "తాళం పాడైందయ్యా" అని మెల్లిగా చెప్పే మొగుళ్ళు. తాళాలాయన తలుపు తీసి, తల వంచుకుని వచ్చేసేవాడు. ఎవరి ఇంట్లో ఏం చూశాడో ఇంటిదానికి కూడా చెప్పేవాడు కాదు. తాళాలు కనిపెట్టిన మొదటి మనిషి ఎవడో గానీ వాడికి పొరుగువాళ్ళు ఎక్కువై ఉండాలి. వాటిని తీయడం నేర్చుకున్న మొదటివాడు మాత్రం నోరు కట్టేసుకున్నవాడే అయి ఉంటాడు, లేకపోతే రెండో ఇంటికి ఎవరూ పిలవరు.

ఇళ్ళకి వెళ్ళినందుకు ఆయన పిక్కల మీద రెండు గుర్తులు మిగిలాయి. రెండూ కుక్కలవే. రెండు ఇళ్ళలోనూ యజమానులు గడపలో నిలబడి అన్నది ఒకటే మాట: "ఏం చేయదండీ, రండి." ఎన్ని ఊళ్ళు తిరిగినా, ఎన్ని భాషలు విన్నా, కుక్కను పెంచేవాళ్ళు ఈ మాట అనని చోటు కనపడదు. పళ్ళు దిగాక అనే మాట ఇంకొకటుంది: "ఎప్పుడూ ఇలా చేయలేదండీ." ఈ రెండు మాటల మధ్య పట్టే కాలంలోనే మనిషి పిక్క పోతుంది.

కాబట్టి తాళాలాయన కుక్కను పెంచుతాడని ఎవరూ అనుకోలేదు. పైగా ఆయనకి వ్యాపార కారణం కూడా ఉండేది. "కుక్కున్నవాడు తాళం కొంటాడటయ్యా? అది నాకు పోటీ కొట్టు," అనేవాడు.

కుక్క బావమరిది వ్యానులో వచ్చింది. బావమరిది సామాన్లు చేరవేసే వ్యాను నడుపుతాడు. ఎక్కడో ఖాళీ చేసిన ఇంట్లో అట్టపెట్టె చాటున దొరికిందని, పిడికెడంత గోధుమరంగు పిల్లను చొక్కాలో పెట్టుకుని తెచ్చాడు.

"బావా, రెండ్రోజులు ఉంచు. ఇల్లు మారగానే తీసుకెళ్తా."

"ఏ ఇంటికి మారుతున్నావురా?"

"చూడాలి."

"చూడకుండానే మారుతున్నావా?"

"అక్కా, చూడవే, ఈయన ఎప్పుడూ ఇంతే," అని బావమరిది వ్యానెక్కేశాడు.

"మా తమ్ముడు ఇచ్చాడు గనక మూతి ముడిచారు. అదే మీ చెల్లెలిస్తే భుజానేసుకునేవారు," అంది భార్య. ఆయన పిల్లకి పాలగిన్నె వెతకడానికి లోపలికి పోయాడు.

పిల్లకి ఒక అలవాటుండేది. ఎక్కడ పడుకున్నా గుమ్మానికి అడ్డంగానే పడుకునేది. ఇంట్లో ఉండే అత్తగారు రెండుసార్లు తట్టుకుని పడబోయి, "గొళ్ళెంలా అడ్డం పడతావేమే!" అని తిట్టింది. ఆ తిట్టే పేరైపోయింది. డిగ్రీ చదువుతున్న కూతురు ఏవేవో అందమైన పేర్లు అనుకుంటూ ఉండగానే గొళ్ళెం తన పేరుకి తోక ఊపడం మొదలుపెట్టింది.

ఇంట్లో అందరూ ఎవరి దారిన వాళ్ళు పోతారు. కూతురు కాలేజీకి, భార్య ఆసుపత్రి లాండ్రీలో పనికి. అత్తగారేమో "నేను దాని వెనక పరుగెత్తలేను బాబూ" అనేసింది. అందుకని గొళ్ళెం తాళాలాయన వెంట కొట్టుకి వెళ్ళడం మొదలైంది. ఇక్కడే జరిగింది అసలు సంగతి. జరుగుతున్నప్పుడు ఎవరికీ తెలియలేదు, చేసినవాడికి కూడా.

ఒంటరిగా పనిచేసేవాడికి సంతోషం వస్తే చెప్పుకోవడానికి ఎవరూ ఉండరు. మొండి తాళం ఒకటి పొద్దుటినుంచీ విసిగించి విసిగించి టక్కున ఊడిందనుకోండి, పక్కన ఎవరున్నారు? బల్ల కింద కుక్కుంది. తాళాలాయన చొక్కా జేబులో భార్య కట్టిచ్చిన రొట్టె ఉండేది, మధ్యాహ్నం దాకా ఆగలేక అప్పుడప్పుడు తుంచుకుని తినేవాడు. తాళం ఊడినప్పుడల్లా "చూశావుటే!" అని ఒక ముక్క కిందికి వేసేవాడు. రోజూ ఎన్నో తాళాలు. టక్కుమంటే ముక్క. టక్కుమంటే ముక్క. గొళ్ళెం పెరిగి ఆయన మోకాలు దాటింది. ఇప్పుడు ముక్క కిందపడేదాకా ఆగడం లేదు, టక్కనగానే ముందుకాళ్ళు ఆయన పొట్ట మీద పెట్టి అందుకుంటోంది. ఆయనకి అదీ ముద్దుగానే ఉంది.

ఈ మధ్యలో పక్క కొట్టు కళ్ళజోళ్ళాయనకి కొంచెం గర్వం పెరిగింది. గొళ్ళెం పూటకి పదిసార్లు ఆయన కొట్టులోకి పరుగెత్తేది.

"ఏమోయ్, నీ కుక్కకి నీకంటే నేనంటేనే ఎక్కువ ప్రేమ. నీ ముఖం చూసి చూసి విసుగెత్తినట్టుంది."

"నీ కొట్టులో అద్దాలున్నాయి కదా. దాని ముఖం అది చూసుకుంటోంది, నీది కాదు."

కళ్ళజోళ్ళాయన మనిషి రాగానే ఒక పెట్టె టప్పున తెరుస్తాడు, నచ్చలేదంటే టప్పున మూస్తాడు, ఇంకోటి తెరుస్తాడు. ఆ చప్పుడుకే అది వెళుతోందని ఇద్దరిలో ఒక్కరికీ తట్టలేదు. చెవితో బతికే తాళాలాయనకి కూడా తట్టలేదు. మన చెవిలో రోజూ పడేదాన్ని మనం వినడం మానేస్తాం.

కూతురు మాత్రం అప్పటికే గొణుగుతూ ఉండేది. "నాన్నా, వీధిలో తాడు కట్టి తీసుకెళ్ళు. మెడలో మునిసిపాలిటీ లైసెన్సు బిళ్ళ కూడా లేదు. టీకా ఒకసారి వేయించి వదిలేశావు, మళ్ళీ వేయించాలి."

"ఎందుకమ్మా, అది ఎవరి జోలికి పోతుంది? ఏం చేయదు."

"మీ పిక్కలు చూపించండి ఒకసారి," అనేది భార్య.

ఆయన నవ్వేసేవాడు. ఆ మాట తన నోట్లోకి ఎప్పుడు వచ్చి కూర్చుందో ఆయనకే తెలియదు.

లెక్కల టీచరమ్మ మందుల బీరువా తాళం తీసి, తాళంచెవి ఎక్కడో పారేసుకుని, మారుది చేయించుకోవడానికి వచ్చింది. ఆ వీధిలో కొట్లున్నవాళ్ళలో సగం మంది ఆవిడ దగ్గర చదువుకున్నవాళ్ళే. కళ్ళజోళ్ళాయన ఇప్పటికీ ఆవిడ కనిపిస్తే బెంచీ మీద నిలబడమంటుందేమోనన్నట్టు చొక్కా సర్దుకుంటాడు. టీచరమ్మ మెట్టు మీదే నిలబడి, పాత తాళంకప్ప తీసివ్వడానికి సంచి తెరిచింది. టక్కుమంది.

బల్ల కింద నుంచి గొళ్ళెం లేచింది. రెండు ముందుకాళ్ళూ ఆవిడ గుండెల మీద ఆనించింది. ఆవిడ వెనక్కి తూలింది, మెట్టు తప్పింది. సరిగ్గా ఆ తూలే క్షణంలో తాళాలాయన నోట్లోంచి వచ్చిన మాట, "ఏం చేయదమ్మా!"

టీచరమ్మ వీధిలో పడింది. గొళ్ళెం కరవలేదు, మొరగలేదు. పడ్డ మనిషిని వదిలేసి, తెరుచుకున్న సంచిలో మూతి పెట్టి రొట్టె వెతుక్కుంది.

ఎడమచేతి మణికట్టు విరిగింది. ఆసుపత్రికి తాళాలాయనే ఆటోలో తీసుకెళ్ళాడు, కట్టు కట్టించాడు. తిరిగి వచ్చేసరికి వీధి పంచాయితీ తయారుగా ఉంది. కుక్కను తీసేయాల్సిందేనని వీధి చివర లాండ్రీవాడు. పసిపిల్లల మీదికి దూకితే ఏమిటని మందుల కొట్టాయన. అందులో తప్పు పట్టడానికీ ఏమీ లేదు. కొట్ల సొంతదారు అన్నీ విని, "టీచరమ్మ ఏమంటే అది. పంపించేయమంటే కుక్కన్నా పోవాలి, కొట్టన్నా ఖాళీ కావాలి," అని తేల్చేశాడు.

ఆ సాయంత్రం గొళ్ళేన్ని ఇంట్లో కట్టేసి, మొగుడూ పెళ్ళాలిద్దరూ టీచరమ్మ ఇంటికి వెళ్ళారు. చిన్న ఇల్లు. కిటికీ పక్కన కుర్చీ, పక్కన ఎత్తుబల్ల, బల్ల మీద సంచి. కట్టు కట్టిన చెయ్యి దిండు మీద పెట్టుకుని కూర్చుంది ఆవిడ.

"క్షమించండమ్మా. అది ఎప్పుడూ..." అని మొదలుపెట్టి, భార్య మోచేతి పోటు తిని ఆగిపోయాడు.

"అది సరే. నాకొక సంగతి చెప్పు నాయనా," అంది టీచరమ్మ. "నేను వీధిలోంచి వస్తుంటే చూసింది, లేవలేదు. నీతో మాట్లాడాను, లేవలేదు. మరి ఎప్పుడు లేచింది?"

"ఏమోనమ్మా. నేను వేరేవాళ్ళ తాళంచెవి చూస్తున్నా."

"నేను చూశాను. సంచి తెరిచాను, లేచింది. ఇదిగో, ఇలా."

కుడిచేత్తో సంచి అందుకుని గుండ్లను నొక్కింది. టక్కుమంది.

తాళాలాయన చెయ్యి చొక్కా జేబులోకి పోయింది.

"ఏం వెతుకుతున్నావు?" అంది టీచరమ్మ.

ఆయన తన చెయ్యి వంక చూసుకున్నాడు. అది జేబులో ఉంది, వేళ్ళ మధ్య పొద్దుటి రొట్టె పొట్టు ఉంది. భార్య ఆయన ముఖం వంక చూసింది. ఆయన చెవులు ఎర్రబడ్డాయి. కళ్ళజోళ్ళ పెట్టెలు, తాళాలు, బల్ల కింద నుంచి పైకి చూసే రెండు కళ్ళు, అన్నీ ఒక్కసారిగా కుదురుకున్నాయి.

"నేనే నేర్పానమ్మా," అన్నాడు. "దాని తప్పు కాదు. టక్కుమంటే తిండి అని నేనే నేర్పాను. నా చెయ్యి కూడా నేర్చేసుకుంది చూడండి."

టీచరమ్మ నవ్వబోయి చెయ్యి నొప్పెట్టి ఆపుకుంది. "బడిలో ఎంతమందికి ఎంత చెప్పినా ఎక్కలేదు. నువ్వు చెప్పకుండానే కుక్కకి ఎక్కించావన్నమాట."

"దాన్ని పంపించేయమంటారా?"

ఆవిడ కిటికీలోంచి వీధి చూసింది. "నాకు కోపం లేదనుకోకు, ఉంది. ఈ వయసులో ఎముక విరిగితే ఏమవుతుందో నీకు తెలీదు. నేను రోజూ ఆ వీధిలోనే నడవాలి, ఈ సంచి రోజూ తెరవాలి. సంచి మార్చుకోమని మాత్రం అనకు."

"అననమ్మా."

"ఈ కట్టు విప్పిన రోజున నీ కొట్టుకొస్తాను. అదే మెట్టు మీద నిలబడతాను, సంచి తెరుస్తాను. నాకు మళ్ళీ భయం వేసిందా, దాన్ని నువ్వే ఎక్కడ దింపుతావో దింపు. భయం వెయ్యలేదా, ఉంచుకో."

మర్నాడు భార్యాభర్తలు గొళ్ళేన్ని పశువుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళారు. కూతురి వయసుకి రెండు మూడేళ్ళు పెద్ద అమ్మాయి. ముందు వేయించాల్సిన టీకా వేసింది, బిళ్ళ లేనందుకు చీవాట్లు పెట్టింది, తర్వాత కథంతా విన్నది.

"ఇంత బాగా నేర్పడానికి మా దగ్గరికొచ్చేవాళ్ళు నానా తంటాలు పడతారు," అంది. "మీకు తెలీకుండానే నేర్పేశారు."

"మర్చిపోయేలా చేయలేమా డాక్టరుగారూ?"

"మర్చిపోదండీ. ముక్క మానేసినా చాన్నాళ్ళు ఎదురుచూస్తుంది, ఇంకా గట్టిగా దూకుతుంది. టక్కుమన్నప్పుడు చేయడానికి దానికి వేరే పనివ్వండి. ఒక గోనెపట్టా వేయండి. టక్కుమంటే పట్టా మీదికెళ్ళి పడుకోవాలి, పడుకున్నాకే తిండి, అదీ పట్టా మీదే. మొదట్లో చప్పుడు మెల్లిగా, దూరంగా చేయండి. మెడకి తాడు ఎప్పుడూ ఉండాలి. ఇంట్లో అందరూ ఒకేలా చేయాలి. ఒక్కరు దొంగతనంగా పెట్టినా మొదటికొస్తుంది."

"మా అమ్మ ఉందండీ ఇంట్లో," అంది భార్య.

"అయితే ముందు మీ అమ్మగారికి నేర్పండి."

వెళ్ళబోతూ తాళాలాయన ఆగాడు. "ఒకవేళ కుదరకపోతే? ఎవరైనా తీసుకుంటారా దీన్ని?"

డాక్టరమ్మాయి అబద్ధం చెప్పలేదు. "పిల్లలనైతే తీసుకుంటారు. ఎదిగినదాన్ని, అందులోనూ మనిషిని పడేసిందన్నదాన్ని, అరుదు. ఊరిబయట దిక్కులేని కుక్కల షెల్టరుంది. ఒకసారి చూసి రండి."

చూసి వచ్చాడు. బోనుల వరస, ప్రతి బోనులోనూ తలుపు వంకే చూస్తూ ఒక కుక్క. ఇంటికొచ్చి ఆ పూట సరిగ్గా తినలేదు. ఆ తలుపులకి ఉన్నవన్నీ ఆయన అమ్మే రకం తాళాలే.

ఆ రాత్రే భార్య ఆయన చొక్కాలన్నీ తీసి జేబులు కుట్టేసింది. "మీ చెయ్యి ముందు మానాలి," అంది. రొట్టెముక్కలు రేకుడబ్బాలోకి, డబ్బా గోనెపట్టా పైన అలమరలోకి మారాయి. తాళం ఊడినప్పుడల్లా ఆయన చెయ్యి కుట్టేసిన జేబును తాకి, సిగ్గుపడి, వెనక్కి వచ్చేది. గొళ్ళెం లేచేది, తాడు ఆపేది. "పట్టా," అనేవాడు. అది ఆయన ముఖం చూసేది, జేబు చూసేది, మళ్ళీ ముఖం చూసేది. అది తిరిగి తిరిగి, ఎక్కడా దారి లేక, విసుగొచ్చి పట్టా మీద కూలబడితే అప్పుడు డబ్బా తెరిచేవాడు. మొదటి వారమంతా ఇంతే. ఆయనకి ఒక్కోసారి తాళమే తీయబుద్ధయ్యేది కాదు.

ఇంట్లో అత్తగారి పోరు వేరు. ఆవిడ కంచం పక్కన గొళ్ళెం మూతి ఆనిస్తే చాలు, గుడ్డుముక్క కిందికి జారిపోయేది.

"అమ్మమ్మా! మళ్ళీ పెట్టావు!"

"నేనెక్కడ పెట్టానే, పడింది."

"రోజూ నీ కంచంలోంచే పడుతుందేం?"

"మీ నాన్నకి ఇన్నేళ్ళొచ్చినా తువ్వాలు ఆరేయడం ఎవరూ నేర్పలేకపోయారు, నోరులేని జీవానికి ఈయన నేర్పుతాడట. అది ఎలా చూస్తోందో చూడు పాపం."

"ఇలాగే పెడితే దాన్ని బోనులో పెట్టి రావాలి అత్తయ్యా," అన్నాడు తాళాలాయన. అరవలేదు, తల కూడా ఎత్తలేదు. అత్తగారు అల్లుడి వంక కాసేపు చూసింది. తర్వాత కంచం తీసుకుని, తలుపేసుకుని లోపలి గదిలో తినడం మొదలుపెట్టింది. ఆవిడ ఆ కుక్క కోసం చేసిన త్యాగం ఇంటిల్లిపాదిలోకీ పెద్దదని తర్వాత చాలా ఏళ్ళు చెప్పుకుంది.

ఉదయం సాయంత్రం తాడు పట్టుకుని నడిపించడం, చేతిలో పాత కాగితాలు, ప్లాస్టిక్ సంచి. వీధిలో గొళ్ళెం దొడ్డికి కూర్చుంటే వెనక వంగి ఆ కాగితాలతో ఎత్తి చెత్తకుండీలో వేయడం.

"ఏమోయ్, తాళాలు తీసేవాడివి ఇప్పుడు ఇదీ తీస్తున్నావా?" అన్నాడు కళ్ళజోళ్ళాయన గుమ్మంలోంచి.

"నా కుక్కదే కదా. నీది తీస్తున్నానా?"

కళ్ళజోళ్ళాయన నొచ్చుకున్నది ఈ మాటకి కాదు. తన మీద ప్రేమ అనుకున్నదంతా పెట్టె చప్పుడు మీద ప్రేమని తెలిసిన రోజున ఆయన నిజంగా చిన్నబోయాడు. "అయితే నేనంటే దానికి ఏం లేదా?" అని రెండుసార్లు అడిగాడు. అడిగినా, ఆ రోజునుంచీ పెట్టెలు మూసేటప్పుడు మధ్యలో మెత్తటి గుడ్డ పెట్టి మూసేవాడు. కొనడానికి వచ్చినవాళ్ళకి "ఖరీదైనవండీ, గీతలు పడతాయి," అని చెప్పేవాడు.

రోజులు గడిచేకొద్దీ గొళ్ళేనికి పట్టా సంగతి అర్థమైంది. టక్కుమనగానే చెవులు నిక్కబొడుచుకునేవి, ఒళ్ళంతా దూకడానికి ముందుకు వంగేది, మళ్ళీ ఏదో గుర్తొచ్చినట్టు వెనక్కి తిరిగి వెళ్ళి పడుకునేది. పడుకున్నాక కూడా తోక వణుకుతుండేది. కొత్త తాళమైతే బాగానే ఉండేది. అలవాటు చేయించని చప్పుడైతే మాత్రం ఇంకా దూకబోయేది. అది తాళాలాయనకి తెలుసు.

కట్టు విప్పించుకుని టీచరమ్మ ఆసుపత్రి నుంచి తిన్నగా కొట్టుకే వచ్చింది. పొడిబారిన చెయ్యి ఇంకా సన్నగా, తెల్లగా ఉంది. దాన్ని ఒంటికి ఆనించుకుని, సంచిని కుడిమోచేతికి తగిలించుకుంది. లాండ్రీవాడు ఇస్త్రీపెట్టె నిలబెట్టేశాడు. కళ్ళజోళ్ళాయన గుమ్మంలో చొక్కా సర్దుకుంటున్నాడు. తాళాలాయన భార్య పని మానుకుని వచ్చి స్టూలు పక్కన నిలబడింది.

గొళ్ళెం పట్టా మీద ఉంది. మెడ తాడు బల్ల కాలికి బిగించిన ఇనపకొక్కేనికి కట్టి ఉంది.

టీచరమ్మ మెట్టెక్కింది. ఆవిడ కాలు కొంచెం వెనకాడినట్టు తాళాలాయనకి కనిపించింది. సంచి తెరిచింది. టక్.

గొళ్ళెం తల ఎత్తింది. చూసింది. తల దించి మూతి కాళ్ళ మీద పెట్టుకుంది.

తాళాలాయన డబ్బా తెరిచి ముక్క పట్టా మీద పెట్టాడు. టీచరమ్మ సంచి మూసింది. టక్. మళ్ళీ అంతే. కదల్లేదు.

"శభాష్!" అన్నాడు కళ్ళజోళ్ళాయన. అనడంతో ఊరుకోకుండా, సంతోషం పట్టలేక, చేతిలో ఉన్న కళ్ళజోడు పెట్టెను గుడ్డ సంగతి మరిచి టప్పున మూశాడు.

గొళ్ళెం లేచింది. గుమ్మం వైపు ఒక్క దూకు దూకింది. గుమ్మంలో టీచరమ్మ ఉంది. తాడు బిగిసింది, ఇనపకొక్కెం బల్లను కదిలించింది, గోడ మీద తాళంచెవులన్నీ గలగలమన్నాయి. గొళ్ళెం టీచరమ్మకి బారెడు దూరంలో ముందుకాళ్ళు గాలిలో లేపి ఆగి, కింద దిగింది. టీచరమ్మ చెయ్యి గోడను పట్టుకుంది.

కళ్ళజోళ్ళాయన పెట్టెను వీపు వెనక దాచుకున్నాడు. భార్య కళ్ళు మూసుకుంది.

ఆ మాట తాళాలాయన నాలుక చివరికి వచ్చింది. రావడం ఆయనకి తెలిసింది. మింగేశాడు.

"పట్టా," అన్నాడు. గొళ్ళెం వెనక్కి వెళ్ళి పడుకుంది. ఆయన ముక్క పెట్టలేదు. టీచరమ్మ వైపు తిరిగాడు. "చేస్తుందమ్మా. అలవాటు చేయించని చప్పుడైతే ఇంకా చేస్తుంది. అందుకే కట్టి ఉంచాను. తాడు మెట్టు దాకా రాకుండా కొలిచి కట్టాను. మీరు నిలబడే చోటికి రాదు. ఇంకెన్నాళ్ళకి మానుతుందో నాకు తెలీదు."

టీచరమ్మ గోడ మీది చెయ్యి తీసింది. కిందికి వంగి తాడును చూసింది, కొక్కేన్ని చూసింది, తన కాళ్ళకీ గొళ్ళేనికీ మధ్య ఉన్న జాగా చూసింది. బడిలో గీసిన గీత సరిగ్గా ఉందో లేదో చూసేటప్పటి చూపు అది.

"ఏం చేయదు అనలేదే?" అంది.

"ఇంక అననమ్మా."

"భయం వేసిందండీ?" అని భార్య మెల్లిగా అడిగింది.

"వెయ్యకుండా ఎలా ఉంటుందమ్మా? వేసింది," అంది టీచరమ్మ. తాళాలాయన తల దించుకున్నాడు. ఒప్పందం ప్రకారం ఆ మాటతో అయిపోయింది. ఆయన చెయ్యి కుట్టేసిన జేబు మీద ఆగింది.

టీచరమ్మ స్టూలు దగ్గరికి లాక్కుని కూర్చుంది. "కానీ అది ఆగింది. ఆగేలా నువ్వు కట్టావు. నాకు ఇంతకుముందు భయం కుక్కంటే కాదు, నీ మాటంటే. నేను పడుతుంటే కూడా ఏం చేయదన్నావు." కుడిచెయ్యి సంచిలో పెట్టి పాత తాళంకప్ప బయటికి తీసింది. "దీని సంగతి ఆ రోజు సగంలో ఆగిపోయింది. మందుల బీరువా ఇన్నాళ్ళూ తాళం లేకుండానే పడుంది."

"పంపించేయక్కర్లేదా అమ్మా?"

"తాడు ఇలాగే ఉండాలి. నేను వచ్చినప్పుడల్లా చూస్తాను. ఒక్కరోజు లేకపోయిందా, ఆ రోజే పంపిస్తావు. ఇది లెక్క." తర్వాత గుమ్మం వైపు తిరిగింది. "ఒరేయ్ కళ్ళజోళ్ళు, ఆ పెట్టె ఇటు తే."

కళ్ళజోళ్ళాయన తెచ్చి ఇచ్చాడు. టీచరమ్మ దాన్ని ఒళ్ళో పెట్టుకుని, మెల్లిగా, చేతులు చాటు చేసుకుని మూసింది. చాలా చిన్న చప్పుడు. గొళ్ళెం చెవులు లేచాయి. అది ఒక్కొక్కరి వంకా చూసింది, ఆవలించి, మూతి కాళ్ళ మీద పెట్టుకుంది.

"ముక్క పెట్టవేం?" అంది టీచరమ్మ.

తాళాలాయన డబ్బా అందుకున్నాడు. పెట్టాక తాళంకప్పను వైసులో బిగించి, ఎదుటి మేడ మీద ఆరేసిన బట్టల వంక చూస్తూ, చెవి పెట్టాడు.